కత్తి పడితే ఒళ్లంతా పాకుతుందా?

మెదడులో గడ్డ ఉందని తేలిన రోజున ఇంట్లోవాళ్లను రెండు ప్రశ్నలు వేధిస్తాయి. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతాడా అన్నది మొదటిది. కత్తి పెడితే అది ఒళ్లంతా పాకుతుందేమో అన్నది రెండోది. మొదటి ప్రశ్న డాక్టర్‌ను అడుగుతాం. రెండోది మాత్రం చుట్టాలను, పక్కింటివాళ్లను అడుగుతాం. 'ఫలానా ఆయన బాగానే ఉండేవాడు, ఆపరేషన్ తర్వాతే ముదిరింది' అనే మాట ఎక్కడో ఒకచోట వినపడుతుంది. దాంతో సర్జరీ వారం, రెండు వారాలు, నెల వాయిదా పడుతుంది. రోజురోజుకూ పెరిగే గడ్డ విషయంలో ఆ వాయిదా చాలా ఖరీదైనది.

పెద్దవాళ్లలో మెదడులోనే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది, అత్యంత దూకుడుగా పెరిగేది గ్లయోబ్లాస్టోమా. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఇది గ్రేడ్ 4. అంతకు మించిన గ్రేడ్ లేదు. ఇంత దూకుడైన గడ్డ ఒళ్లంతా పాకి తీరుతుందని అనుకోవడం సహజమే. కానీ జరిగేది వేరు. రొమ్ము క్యాన్సర్, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకు, కాలేయానికి, చివరికి మెదడుకు కూడా పాకడం డాక్టర్లు తరచూ చూసేదే. గ్లయోబ్లాస్టోమా తల దాటి బయటకు రావడం మాత్రం చాలా అరుదు. వైద్య నివేదికల్లో సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం 100 మందిలో ఇద్దరికి మించి ఉండదు.

ఎందుకిలా? బయటకు వెళ్లే దారి అసలు లేదని ఒకప్పుడు అనుకునేవారు. ఆ నమ్మకం ఇప్పుడు సడలింది. 2014లో జర్మనీ పరిశోధకులు 141 మంది రోగుల రక్తాన్ని పరీక్షిస్తే, సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరి రక్తంలో గడ్డ కణాలు కనిపించాయి. అంటే కణాలు బయటకు వస్తున్నాయి, కానీ వేరే అవయవంలో వేళ్లూనుకోవడం లేదు. విత్తనం ఎగిరిపడినంత మాత్రాన ప్రతి నేలలోనూ మొలవదు కదా! తల బయట మన రోగనిరోధక శక్తి వాటిని అదుపు చేస్తోందన్నది బలమైన అంచనా. దీనికి ఒక ఆధారమూ ఉంది. గ్లయోబ్లాస్టోమాతో చనిపోయినవారి అవయవాలు పొందిన కొందరిలో, చాలా అరుదుగానే అయినా, అదే క్యాన్సర్ కనిపించింది. వాళ్లు రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారు.

ఇక కత్తి సంగతి. బయటకు పాకినట్టు నమోదైన కేసుల్లో చాలామందికి అంతకుముందు ఆపరేషన్ జరిగిన మాట నిజమే. సర్జరీలో మెదడు పొరలు తెరుచుకోవడం వల్ల కణాలకు దారి దొరకవచ్చని డాక్టర్లే అంటారు. అయితే ఈ గడ్డ ఉన్నవారిలో ఎక్కువమందికి ఎలాగూ ఆపరేషన్ చేస్తారు. అసలు ఆపరేషనే జరగనివారిలోనూ ఇది పాకిన సందర్భాలున్నాయి. మరి 'ఆపరేషన్ తర్వాతే ముదిరింది' అన్న మాట సంగతేమిటి? ఈ గడ్డ స్కాన్‌లో కూడా కనపడనంత సన్నని వేళ్లను చుట్టూ ఉన్న మెదడులోకి చొప్పిస్తుంది. సర్జన్ కనపడినదంతా తీసేసినా అవి మిగిలిపోతాయి. అందుకే చాలామందిలో గడ్డ మళ్లీ పాతచోటికి దగ్గర్లోనే వస్తుంది. అది కత్తి చేసిన పాపం కాదు, జబ్బు స్వభావం.

ఆ మిగిలిన కణాల మీదికే రేడియేషన్, టెమొజోలమైడ్ మాత్రలు. ఈ రెండూ కలిపి ఇస్తే మేలని 2005లో వెలువడిన అధ్యయనం తేల్చింది. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో రెండేళ్లు దాటి జీవించినవారు 100కు సుమారు 10 మంది. మాత్రలు కూడా తోడైనప్పుడు సుమారు 26 మంది. పెద్ద సంఖ్యలేం కావు. కానీ ఆపరేషన్‌కే భయపడి ఆగిపోతే ఆ కాస్త అవకాశం కూడా చేజారుతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన పొరపాటు ఇంకొకటి ఉంది. మెదడులో పుట్టే క్యాన్సర్ల కన్నా, వేరే చోట పుట్టి మెదడుకు చేరేవే ఎక్కువ. కాబట్టి 'తలలో గడ్డ అయితే ఛాతీకి స్కానెందుకు, డబ్బుల కోసం కాకపోతే' అని అనుమానించకండి. అసలు మూలం ఎక్కడుందో తేల్చుకోవడానికే అది. గ్లయోబ్లాస్టోమా అని బయాప్సీలో నిర్ధారణ అయ్యాక మాత్రం, లక్షణాలేవీ లేకుండా ఒళ్లంతా పెట్ స్కాన్ తీయమని మీరు పట్టుబట్టనక్కర్లేదు. బదులుగా లక్షణాలను గమనించండి. ఇది బయటకు పాకినప్పుడు ఎక్కువగా చేరేది ఊపిరితిత్తులు, లింఫు గ్రంథులు, ఎముకలు, కాలేయానికి. కొన్నిసార్లు మెదడు చుట్టూ ఉండే ద్రవం ద్వారా వెన్నుపాము దాకా దిగుతుంది. తగ్గని వెన్నునొప్పి, మెడలో బిళ్ల కట్టడం, విడవని దగ్గు, ఆయాసం ఉంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టర్‌కు చెప్పండి. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఆపరేషన్‌కు ముందు డాక్టర్‌ను మొహమాటం లేకుండా అడగండి. గడ్డ ఎంతమేర తీయగలరు? మాటకు, చేతికి, కాలికి ప్రమాదముందా? రేడియేషన్ ఎప్పుడు మొదలుపెడతారు? ఖర్చు సంగతి ముందే తెలుసుకోండి. ఆరోగ్యశ్రీ వర్తించే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి.

చివరిగా ఒక మాట, చెప్పడం కష్టమైనా చెప్పాల్సిందే. ఈ జబ్బు ప్రాణానికి ముప్పు తెచ్చేది ఎక్కువగా తలలో ఉండే. ప్రాణం కన్నా ముందే కొందరిలో మాటను, జ్ఞాపకాన్ని, నిర్ణయం తీసుకునే శక్తిని హరిస్తుంది. మన ఇళ్లలో రోగికి జబ్బు పేరు దాచడం ప్రేమ అనుకుంటాం. కానీ వైద్యం ఎంతవరకు, చివరి రోజులు ఎక్కడ, ఎవరికి ఏం చెప్పాలి అన్నవి ఆ మనిషి నోటితోనే వినాలి. ఒళ్లంతా పాకుతుందేమోనన్న భయంతో గడిపే ప్రతి వారం ఆ మాటల కోసం మిగిలిన సమయంలోంచే తరిగిపోతుంది. మాట స్పష్టంగా ఉన్నప్పుడే పక్కన కూర్చుని అడగండి.