అచ్చక్షరముల కంఠస్వరము

మాటకు అర్థమున్నట్లే అచ్చయిన మాటకు ఆకారమును కలదు. అర్థమును ప్రయత్నించి గ్రహింతుము. ఆకారము మనకు తెలియకుండగనే మనసును తాకును. ఒకే వాక్యము సన్నని అక్షరములలో మనవివలెను, లావైన వెడల్పు అక్షరములలో ఆజ్ఞవలెను తోచుట ఇందువలననే.

ఈ రెండవ తెగకు మేలైన ఉదాహరణము యూరోస్టైల్ అను రోమను అక్షరశైలి. ఇటలీలో ట్యూరిన్ నగరమందలి నెబియోలో అక్షరశాల 1952లో మైక్రోగ్రామా అను పేర పెద్దక్షరములను మాత్రమే వెలువరించెను. అలెస్సాండ్రో బుట్టి, ఆల్డో నొవరేసె దాని రూపకర్తలు. 1962లో నొవరేసె చిన్నక్షరములను సమకూర్చి దానిని యూరోస్టైల్‌గా తీర్చెను. కొనలయందు అడ్డుగీతలు లేవు. గీతల మందము ఇంచుమించు సమానము. 1927 నాటి పాల్ రెన్నర్ ఫ్యూచురాలో ‘ఓ’ నిండు వలయము. ఇందులో అది మూలలు గుండ్రనైన చతురస్రము, ఆనాటి టెలివిజను తెరవంటిది. లావైన విశాలరూపమున ప్రతి యక్షరమును బాసింపట్టు వేసికొని కూర్చున్నట్లుండును.

1968లో స్టాన్లీ కుబ్రిక్ తన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చిత్రమున దీనిని వాడెను. అటుపిమ్మట భవిష్యత్తును చూపదలచిన చిత్రములు పెక్కింటికి ఇదియే లిపియైనది. 1952 నాటి నవ్యత నేటికిని రేపటి వేషము కట్టుచుండుట వింతయే.

ఇట్టి అక్షరములు ప్రకటనలకే తగునని తీసివేయువారు కలరు. నేనంగీకరింపను. దూరమునుండి చూడవలసినది, క్షణములో గ్రహింపవలసినది, నాలుగు మాటలలో ముగియునది ఏదైనను వీనికి తగిన తావే. గ్రంథనామ మట్టిది, రైలుస్టేషను పలక యట్టిది. కాని పుట నిండ కథను కూర్చినచో పంక్తికి పట్టు మాటలు తగ్గును. అన్ని యక్షరములును ఒకే చతురస్రమున పోసినట్లుండుటచే పదముల రూపురేఖలు వేరుపడవు. పిలుచుటకు పుట్టిన గొంతు కథ చెప్పజాలదు.

ఈ తీరును తెలుగునకు తేగోరువారు మరియొకటి గమనింపవలెను. రోమను పెద్దక్షరము రెండు గీతల నడుమ ఒదిగియుండును. తెలుగక్షరమునకు పైన గుడియో ఎత్వమో, క్రింద ఒత్తు. సందులు సహజముగనే ఇరుకు. పకారమునకు, వకారమునకు గల భేదమెల్ల తలకట్టు అంటకుండుటలో, అంటుటలో నున్నది. గీత లావెక్కి ఆ సందు పూడినచో ‘పని’ కాస్త ‘వని’ యగును. గుడికిని గుడిదీర్ఘమునకును నడుమనున్న చిన్న మెలిక మాసిపోవును. చూపు మందగించిన వృద్ధునకు, అక్షరములు కూడబలుకుకొను బాలునకు ఇది అలంకార సమస్య కాదు, అర్థమే తారుమారగుట.

యూరోస్టైల్ తన లావును భరించినది వెడల్పువలననే. మనము అనుకరింపవలసినది దాని చతురస్రమును గాదు, ఆ వివేకమును: గీతకు మందము నిచ్చుటకు ముందు లోపలి ఖాళీకి చోటీయవలెను. ఇక సంపాదకులకు మనవి: పుట కొక్క కేక చాలును. ప్రతి శీర్షికయు కేకవేసినచో పాఠకుడు దేనికిని తలయెత్తడు.