దాచుకునే మందు కాదు

పోయిన నెల పిన్ని ఫోన్ చేసింది. ఏడేళ్ల మా చెల్లికి కూడా నాకున్న జబ్బేనని డాక్టర్లు తేల్చారట. "ఎవరికీ చెప్పకు నాన్నా, ఆడపిల్ల కదా" అంది. ఆ మాట దగ్గరే నాకు పేచీ.

మన కిడ్నీల మీద టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులుంటాయి. అవి తయారుచేసే కార్టిసాల్ నా ఒంట్లో సరిపడా ఉండదు. అందుకే రోజుకి మూడుసార్లు హైడ్రోకార్టిసోన్ మాత్ర. 1855లో లండన్ డాక్టర్ థామస్ అడిసన్ ఈ జబ్బు గురించి రాసేనాటికి దీనికి మందే లేదు. ఇప్పుడుంది. మాత్ర వేసుకుని నేనూ అందరిలాగే క్రికెట్ ఆడతా, అందరిలాగే బ్యాక్‌లాగ్స్ కూడా పెట్టుకుంటా.

తేడా ఎక్కడంటే, జ్వరమొస్తే మీ గ్రంథులు కార్టిసాల్‌ని వాటంతట అవే పెంచుకుంటాయి. నాకైతే డాక్టర్ చెప్పినట్టు మాత్ర డోసు పెంచాలి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంజెక్షనే. ఆలస్యమైతే బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది.

ఫస్టియర్లో నేనూ దాచాను. స్టెరాయిడ్ అంటే జిమ్ జోకులు వేస్తారని భయం. ఒక రాత్రి హాస్టల్లో వాంతులు మొదలయ్యాయి. మెస్ సాంబారు పడలేదేమో అనుకుని రూమ్మేట్ పాపం మజ్జిగ తెచ్చాడు. బ్యాగులో ఇంజెక్షన్ ఉందని చెప్పే ఓపిక కూడా నాకు లేదు. సమయానికి అమ్మ ఫోన్ చేసి వాడికి విషయం చెప్పబట్టి ఆస్పత్రికి చేరాను. "ముందే చెప్పొచ్చు కదరా" అన్నాడు మర్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పిన్ని భయం ఉత్తదే అనను. మన ఊళ్లలో మాట ఎలా పాకుతుందో నాకూ తెలుసు. కానీ ఎప్పుడో రాబోయే సంబంధం కోసం ఈ రాత్రి రాగల జ్వరాన్ని మర్చిపోతామా? టీచరుకి చెప్పాలి. స్కూలు బ్యాగులో జబ్బు పేరు, మందు, ఫోన్ నంబరు రాసిన కార్డు ఉండాలి. ఇంజెక్షన్ చెయ్యడం పిన్నీ బాబాయీ ఇద్దరూ నేర్చుకోవాలి. "స్టెరాయిడ్ మంచిది కాదమ్మా" అని ఎవరన్నా సరే, డాక్టర్ని అడక్కుండా మాత్ర ఆపకూడదు. అది ఒంట్లో లేనిదాన్ని భర్తీ చేసే మందు.

అన్నిటికంటే ముందు పాపకి చెప్పాలి. రేపు తన ఒంట్లో బాగోలేదని మొదట తెలిసేది తనకే.

ఇప్పుడు రోజూ పొద్దున్న వీడియో కాల్లో ఇద్దరం కలిసే మాత్ర వేసుకుంటున్నాం. "అన్నయ్యా, నీక్కూడా చేదేనా?" అంటుంది. చేదేనమ్మా అంటాను. అబద్ధం చెప్పను.

మీ రూమ్మేట్ రోజూ ఏదైనా మాత్ర వేసుకుంటుంటే జోకు తర్వాత వెయ్యండి. "నీకేమైనా అయితే నేనేం చెయ్యాలిరా?" అని ముందు అడగండి.