ఆసుపత్రి గడప దాటని బీమా

బీమా అనే మాట మనకు పారసీకం నుండి వచ్చినది. దానికి మూలమైన 'బీమ్' అనే పదానికి భయమని అర్థం. అంటే భయమున్న చోట అభయమిచ్చేదే బీమా కావాలి. మన ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆ అభయాన్ని ఎక్కడిదాకా ఇస్తున్నదో విజ్ఞులైన పాఠకులతో కొంత విచారించాలని ఈ నాలుగు మాటలూ.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలైనది. నేడు అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారినా ఎందరో పేదల ప్రాణాలు నిలిపిన పథకం. ఆ మేలు కాదనరాదు. అయితే దాని చూపంతా ఆసుపత్రి మంచం మీదనే. మధుమేహ రోగికి మూత్రపిండాలు చెడి డయాలిసిస్ అవసరమైతే చెల్లిస్తుంది. ఆ గతి పట్టకుండా ఇంట్లో చక్కెర చూసుకొనే స్ట్రిప్పులకు మాత్రం చెల్లించదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మా మొవ్వ, కూచిపూడి ప్రాంతాలలో పిల్లలు దూరదేశాలలో ఉండగా ముసలివారిద్దరే మిగిలిన ఇళ్ళు చాలా ఉన్నవి. ఒక్కొక్క స్ట్రిప్పు ఇరవై రూపాయలకు అటూ ఇటూ. డబ్బా అయిపోతే పరీక్ష మానుకొనేవారే ఎక్కువ. మూత్రపు గొట్టం, సంచీ అవసరమైన వారి కష్టం ఇంకా పెద్దది.

అమెరికాలో వృద్ధులకున్న మెడికేర్ ఈ స్ట్రిప్పులకు డబ్బు చెల్లిస్తుంది. ఇన్సులిన్ తీసుకొనేవారికి మూడు నెలలకు 300, తక్కినవారికి 100. రోగి తన వాటా తాను భరించాలి. 2013 జులై 1 నుండి టపా ద్వారా పంపే సరఫరాకు దేశమంతటికీ ఒకే టెండరు పద్ధతి పెట్టగా ధర సుమారు 72 శాతం తగ్గినది. 2018 చివరతో ఆ ఒప్పందాలు ముగిసినవి. అక్కడి మరొక నియమం మనకు ముఖ్యం: రోగి అడగనిదే తదుపరి డబ్బా పంపరాదు. దొంగ బిల్లులకు అది కొంత అడ్డుకట్ట.

మన దేశంలో కరోనా వేళ, 2020 మార్చి 26న, లైసెన్సున్న దుకాణాలు ఇంటికి మందులు చేర్చవచ్చునని కేంద్రం ఉత్తర్వు ఇచ్చినది. కాని దుకాణమున్న రెవెన్యూ జిల్లా లోపలే. 2022 ఏప్రిల్ 4న విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. ఆ ఉత్తర్వును అక్షరాలా చదివితే మొవ్వకు మచిలీపట్నం దుకాణం మందు పంపవచ్చు, విజయవాడ దుకాణం పంపరాదు. రోగానికి జిల్లా సరిహద్దులు తెలుసునా?

నా మనవి ఇది. స్ట్రిప్పులు, గొట్టాలు, సంచులు, కట్టుగుడ్డలు బీమాలో చేర్చి పోస్టు ద్వారా పంపాలి. ఇన్సులిన్ సంగతి వేరు. దానిని 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి గనుక రోహిణి కార్తె ఎండలలో పోస్టు సంచీలో రాకూడదు. దానిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఫ్రిజ్ నుండే ఇవ్వాలి. వైద్యుని చీటీ, ప్రతిసారీ రోగి కోరిక, అందినట్లు సంతకం - ఈ మూడూ ఉంటే చాలు.

ఖర్చు ఎక్కడిదంటారా? వారానికి రెండు మూడుసార్లు, బ్రతికినన్నాళ్ళూ చేయవలసిన డయాలిసిస్ ఖర్చు పక్కన పెట్టి చూడండి. పోస్టుమాన్ మందు తేవడం మనకు కొత్త కాదు. మా చిన్నతనంలో పత్రికల నిండా 'వి.పి. ద్వారా పంపబడును' అనే మందుల ప్రకటనలే. నాడు రోగి డబ్బుతో వచ్చిన పార్సెలు నేడు ప్రభుత్వ బీమాతో రావాలని అడుగుతున్నాను, అంతే. పెద్దలు ఆలోచింతురు గాక.