ఐచ్ఛిక పేపర్లు మమ్మల్నే ఎంచుకోనివ్వండి: సాలూరు డిగ్రీ విద్యార్థుల వినతి

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

విషయం: సైన్సు, కామర్సు విద్యార్థులు చరిత్ర, సాహిత్యం, రాజనీతి పేపర్లు తీసుకునే వీలు కల్పించడం గురించి.

అయ్యా,

మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీకి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. మేజర్, మైనర్, వాటి పక్కన కొన్ని చిన్న కోర్సులు. కాగితం మీద ఎంపిక మాదే. తీరా కాలేజీకొచ్చాక ఏ పేపరుకు లెక్చరర్ ఉంటే అదే అందరికీ. కెమిస్ట్రీ చదివే అమ్మాయికి చరిత్ర ఇష్టమా అని అడిగినవాళ్లు లేరు.

సులువైన పేపరు అడుగుతున్నారా అంటే, అవును, అడుగుతున్నాం. ల్యాబులు, రికార్డులు ముగించుకుని మక్కువ, పాచిపెంట బస్సుల కోసం పరుగెత్తేవాళ్లం మోయగలిగిన పేపరే కోరతాం. అయితే పరీక్ష ముందురోజు రాత్రి గైడు బట్టీపట్టి గట్టెక్కేదాన్ని మేం సులువు అనం. అంత విసుగు పని ఇంకోటి లేదు.

ఇష్టంగా చదవడానికి ఇక్కడ సరుకు లేకనా? సాలూరు కొండల మీది కొటియా గ్రామాలు ఆంధ్రవా తమవా అన్న తగువుతో ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకెళ్లింది. 2006లో దావా కొట్టేశారు, తగువు మాత్రం తెగలేదు. అక్కడివాళ్ల చేతుల్లో రెండు రాష్ట్రాల కార్డులున్నాయి. సమాఖ్య వ్యవస్థను ఇక్కడినుంచి మొదలుపెట్టి చెబితే ఎవరికి అర్థం కాదు? గిరిజన భూముల 1/70 చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం మాలో చాలామందికి ఇంటి మాటలే.

గురజాడ వారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. వ్యాసరూప ప్రశ్నల కోసం కాకుండా పాత్రలు పంచుకుని చదివించండి, గిరీశం వచ్చేసరికి వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర గిరిజనుల దగ్గరే సవర భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఇంట్లో సవర, కువి మాట్లాడేవాళ్లు మా బెంచీల్లోనే ఉన్నారు. భాషల పేపరు పెడితే ఆ గంటకి వాళ్లే మాకు గురువులు.

కాబట్టి మేం కోరేది: రిజిస్ట్రేషన్‌కి ముందే ప్రతి పేపరుకీ ఒక పేజీ నోటీసు పెట్టండి. ఏం చదవాలి, ఎంత రాయాలి, మార్కులు దేనికి, చెప్పేదెవరు అన్నవి అందులో ఉండాలి. ఇప్పుడు సీనియర్లు "ఆ సార్ మార్కులు బాగా వేస్తారు" అన్న ఒక్క మాటే మాకు ఆధారం. మొదటి వారం క్లాసులో కూర్చుని చూసి, నప్పకపోతే మారే వీలుండాలి. పదిమంది అడిగిన పేపరుకు గెస్ట్ ఫ్యాకల్టీనైనా పెట్టి నడపండి. మార్కుల్లో కొంత భాగం ఊళ్లో పెద్దల్ని అడిగి రాసుకొచ్చినదానికి, బొబ్బిలి కోట చూసొచ్చి రాసినదానికి ఇవ్వండి. ఈ క్లాసులు ఆఖరి పీరియడ్‌లో వేయకండి, బస్సు పోతుంది.

దీంతో ఉద్యోగమొస్తుందా అని మా ఇళ్లలో అడుగుతారు. గ్రూప్-2 మెయిన్స్‌లో మొదటి పేపరు ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర, రాజ్యాంగమేనని పేరెంట్స్ మీటింగులో మీరొక్కసారి చెబితే చాలు. మేం చెబితే నమ్మడం లేదు.

వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ మొదలయ్యేలోగా లెక్చరర్లతో, మాలో ఇద్దరితో సమావేశం పెట్టించగలరు. ఎవరికి ఏ పేపరు కావాలో రాసి, సంతకాలు చేసిన జాబితా దీనికి జతచేశాం.

ఇట్లు,
బీఎస్సీ, బీకాం విద్యార్థులు,
సాలూరు