ట్రంకుపెట్టెలో మిగిలిన పాలసీ

ఇంటి పెద్ద కన్నుమూశాక కర్మకాండలు ముగిసేదాకా ఎవరికీ కాగితాల ధ్యాస ఉండదు. ఆ తర్వాత వెతుకులాట మొదలవుతుంది. పొలం పాసుపుస్తకం, ఇంటి దస్తావేజులు ఎక్కడున్నాయో అందరికీ తెలిసే ఉంటుంది. మాట పెరిగేది మాత్రం తరచూ చిన్న కాగితం దగ్గరే. ఎవరూ లెక్కలో పెట్టుకోని పాత బీమా బాండు అలాంటిదే.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఇంటాయన ఆళ్లగడ్డలో శిల్పశాల నడుపుతాడు. గుళ్లకు విగ్రహాలు చెక్కించి పంపడం ఆయన పని. పిల్లల చదువుల కోసం భార్యాబిడ్డలను నంద్యాలలో అద్దె ఇంట్లో ఉంచాడు. తల్లి ఆళ్లగడ్డ ఇంట్లోనే ఉంటుంది. ఆయన హఠాత్తుగా గుండెపోటుతో పోయాడు. పెళ్లయ్యాక తీసుకున్న 20 లక్షల పాలసీ భార్య, ఇద్దరు పిల్లల పేరిట ట్రస్టుగా ఉంది. పెళ్లికి ముందు తీసుకున్న 2 లక్షల పాలసీ మాత్రం ఆ ట్రస్టు బయటే ఉండిపోయింది. అందులో నామినీ తల్లి. బాండు ఆమె ట్రంకుపెట్టెలో ఉంది. దీనికితోడు రాయి తోలినవాళ్లకు ఇవ్వాల్సిన బాకీ కొంత ఉంది.

ఇప్పుడు ఆ 2 లక్షలు ఎవరివి? కొడుకు కట్టిన డబ్బు, నామినీ నేనే కదా అని అత్త అనుకుంటుంది. నోరు తెరిచి అడిగితే ఆశపడిందంటారేమోనని కోడలు ఊరుకుంటుంది. మధ్యలో చిన్నాయన తలో మాట చెబుతాడు.

ట్రస్టు అంటే ఏమిటి?

ట్రస్టు అనగానే కోటీశ్వరుల వ్యవహారం అనుకోనక్కర్లేదు. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం 6వ సెక్షన్ ప్రకారం, పెళ్లయిన పురుషుడు తన ప్రాణం మీద భార్య కోసం, పిల్లల కోసం అని స్పష్టంగా రాసి పాలసీ తీసుకుంటే అదే ట్రస్టు అవుతుంది. వేరే దస్తావేజు అవసరం లేదు. ప్రపోజల్‌తోపాటు ఒక ఫారం నింపి, ట్రస్టీ పేరు రాస్తే చాలు. భార్యే ట్రస్టీగా ఉండవచ్చు. ట్రస్టీని పెట్టకపోతే చట్టప్రకారం సొమ్ము రాష్ట్ర అధికారిక ట్రస్టీకి చేరుతుంది కాబట్టి ఆ గడి ఖాళీగా వదలకూడదు.

హిందువులు, ముస్లింలు తీసుకునే పాలసీలకు ఈ సెక్షన్ దేశంలో చాలాచోట్ల 1923 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. మద్రాసులో మాత్రం 1913 డిసెంబర్ 31 తర్వాత తీసుకున్న పాలసీలకే వర్తించింది. నంద్యాల, ఆళ్లగడ్డ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

ఇలాంటి పాలసీ సొమ్ము భర్త ఆస్తిలో కలవదు. అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. అప్పులు ఎగ్గొట్టే ఉద్దేశంతోనే పాలసీ తీసుకున్నట్టు రుజువైతే మాత్రం ఆ పాలసీ సొమ్ములోంచి వాళ్లు అడగవచ్చు. కాబట్టి పై కుటుంబంలో 20 లక్షల సంగతి తేలిపోయినట్టే. తేలాల్సింది 2 లక్షలే.

నామినీదే సొమ్మా?

బీమా చట్టం 39వ సెక్షన్ నామినీ గురించి చెబుతుంది. నామినీ సొమ్ము అందుకునే మనిషే తప్ప యజమాని కాదని, వారసుల హక్కు అలాగే ఉంటుందని సుప్రీంకోర్టు 1983లో తీర్పిచ్చింది. 2015లో చట్టాన్ని సవరించారు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లల్లో ఎవరిని నామినీగా పెట్టినా సొమ్ము అనుభవించే హక్కు వారిదేనని అందులో చేర్చారు. ఇది చదివితే 2 లక్షలూ తల్లివే అనిపిస్తుంది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. పెళ్లికి ముందు తల్లిని నామినీగా రాసి, తర్వాత మార్చకుండా పోయిన ఒక వ్యక్తి వ్యవహారం కర్ణాటక హైకోర్టు ముందుకు వచ్చింది. వారసులు తమ వాటా అడిగితే వారసత్వ చట్టమే చెల్లుతుందని ఆ కోర్టు 2025లో తేల్చింది. తల్లి, భార్య, బిడ్డ ముగ్గురికీ తలో మూడో వంతు ఇమ్మంది. అంటే నామినేషన్ కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన తగాదా తీరినట్టు కాదు.

హిందూ వారసత్వ చట్టం లెక్కలో తల్లి, భార్య, కొడుకు, కూతురు మొదటి వరుస వారసులు. వీలునామా లేకుండా పోయినవాడి సొంత ఆస్తిలో నలుగురికీ సమాన వాటా. 2 లక్షలైతే తలా 50 వేలు. దీనికోసం కోర్టుకెక్కితే వకీలు ఫీజులకూ తిరుగుళ్లకూ ఎంత పోతుందో, అత్తాకోడళ్ల మధ్య ఏం మిగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మరేం చేయాలి?

మొదట క్లెయిం పెట్టాలి. పోట్లాట తేలేదాకా ఆగక్కర్లేదు. బాండు, మరణ ధ్రువపత్రం, క్లెయిం ఫారం, నామినీ గుర్తింపు కాగితం, బ్యాంకు ఖాతా వివరాలు ఇస్తే కంపెనీ నామినీకి చెల్లిస్తుంది. దాంతో కంపెనీ బాధ్యత తీరుతుంది. విచారణ అక్కర్లేని మరణ క్లెయింను 15 రోజుల్లో, విచారణ కావాల్సినదాన్ని 45 రోజుల్లో పరిష్కరించాలని 2024లో ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. పాలసీ మొదలై మూడేళ్లు దాటితే పాత జబ్బు దాచారంటూ దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. కంపెనీ నిరాకరిస్తే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు రాయవచ్చు. దానికి ఫీజు లేదు.

రెండోది, చనిపోయినాయన బ్యాంకు పాసుపుస్తకం తిరగేయాలి. మే చివరలో 436 రూపాయలు కోత పడి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఇంకో 2 లక్షలు వస్తాయి. ఇంట్లో తెలియక అడగకుండా వదిలేసేది ఎక్కువగా ఇలాంటివే.

మూడోది, సొమ్ము ఖాతాలో పడ్డాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. "అత్తా, నీ వాటా నీ మందులకు ఉంచుకో, పిల్లల వాటా వాళ్ల పేరున వేద్దాం" అని కోడలు అనగలిగితే సగం భారం దిగుతుంది. "నాకెందుకమ్మా, అంతా పిల్లలకే వేయి" అని జేజి అనవచ్చు. ఆ మాట వినడానికి బాగుంటుంది. కానీ ఆమెకు వేరే ఆధారం లేకపోతే ఒప్పుకోకూడదు. ట్రస్టు పాలసీలో తల్లికి చోటు లేదు. ఆ చట్టం భార్యాబిడ్డలకే. కొడుకు బీమాలో ఆమెకు దక్కేది ఈ చిన్న పాలసీయే.

పిల్లల వాటా పెద్దలు మాటసాయంగా వదిలేసుకునేది కాదు. మైనర్ల పేరిట, తల్లి సంరక్షకురాలిగా, బ్యాంకులోనో పోస్టాఫీసులోనో డిపాజిట్ చేయాలి. పంచుకున్న తీరు ఒక కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం చేసి, ఇద్దరు సాక్షులతో చేయిస్తే రేపు మాట మారదు.

రాయి బాకీ మాట వేరు. బాకీదారు వచ్చి వాకిట్లో కూర్చుంటే కంగారుపడి ట్రస్టు సొమ్ము తీసి ఇవ్వొద్దు. చనిపోయినాయన వదిలివెళ్లిన ఆస్తి మేరకే వారసులు జవాబుదారీ. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత నియమం 2005 సవరణ తర్వాత చేసిన అప్పులకు వర్తించదు. శిల్పశాలలో ఉన్న రాయి, రావాల్సిన బకాయిలు లెక్కగట్టి, అందులోంచి మర్యాదగా తీర్చవచ్చు.

డబ్బు వచ్చిందని ఊళ్లో తెలియగానే ఎక్కువ వడ్డీ ఆశచూపేవాళ్లు వస్తారు. అగ్రిగోల్డ్ డిపాజిటర్లు ఎన్నేళ్లు తిరిగారో ఆంధ్రప్రదేశ్‌లో అందరికీ తెలుసు. బ్యాంకు డిపాజిట్‌కు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా 2020 నుంచి ఉంది. ట్రస్టు సొమ్మును రెండు మూడు బ్యాంకుల్లో సర్దుకోవడం మంచిది. ఆర్నెల్ల దాకా ఎవరికీ చేబదులు ఇవ్వనని ముందే చెప్పేస్తే ఇంకా మంచిది.

బతికుండగానే

ఈ చిక్కంతా ఒక పూట పనితో తప్పేది. పాత పాలసీని తర్వాత ట్రస్టు కిందికి మార్చడం కుదరదు. పాలసీ తీసుకునేటప్పుడే రాయాలి. అయితే నామినీని ఎప్పుడైనా మార్చవచ్చు. తల్లికి ఇంత, భార్యకు ఇంత అని ఇద్దరి పేర్లూ రాయవచ్చు. నామినీ మైనరైతే సొమ్ము అందుకునే పెద్దమనిషి పేరూ రాయాలి. అన్నిటికంటే ముఖ్యం వీలునామా. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేస్తే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. "చిన్న పాలసీ సొమ్ము మా అమ్మకు" అని ఒక్క వాక్యం ఉంటే అత్తాకోడళ్లలో ఎవరూ ఎవరి ముఖమూ చూడాల్సిన పని లేదు.

పెళ్లయినప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు ఇంట్లో బాండ్లన్నీ బయటకు తీసి నామినీ గడిలో ఎవరి పేరుందో చూసుకోండి. ఈ ఆదివారం తీరిక ఉంటే ఇవాళే చూడండి.