కాపలా కన్నే కన్నం వేస్తే...

గుజరాత్‌లోని రాజ్‌కోట్ నుంచి 2025 ఫిబ్రవరిలో వెలువడిన ఒక వార్త దేశాన్ని కొద్దిరోజులు కలవరపరచి, ఎప్పటివలెనే మరుగున పడిపోయింది. అక్కడి ఒక ప్రసూతి ఆసుపత్రిలో స్త్రీలను పరీక్షిస్తున్న దృశ్యాలు యూట్యూబ్‌లో మచ్చుకు ప్రత్యక్షమయ్యాయి. పూర్తి దృశ్యాలు కావలసినవారికి టెలిగ్రామ్‌లో డబ్బుకు అమ్మారు. వాటిని చిత్రించింది ఎవరో దొంగచాటుగా అమర్చిన కెమెరా కాదు. భద్రత కోసమని ఆసుపత్రివారే గోడకు బిగించుకున్న సీసీ కెమెరా. అహ్మదాబాద్ సైబర్ నేర విభాగం పోలీసులు మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్‌లలో నిందితులను పట్టుకుని ఆరా తీయగా, ఇంకా అనేక ఊళ్ళలోని కెమెరాలు ఇదే రీతిలో కొల్లగొట్టబడినట్లు బయటపడింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ‘అడ్మిన్123’ అనే పాస్‌వర్డునే మార్చకుండా ఉంచారని ఆ తర్వాత పత్రికలలో వచ్చింది. బాధిత స్త్రీలు ఫిర్యాదుకు ముందుకు రానందున పోలీసు అధికారే ఫిర్యాదుదారు కావలసి వచ్చిందని కూడా రాశారు. పేరు బయటికి పొక్కితే మరోసారి నష్టపోయేది తామేనని ఆ స్త్రీలకు తెలియనిదా?

అదే ఏడాది నవంబరు ఆఖరున దక్షిణ కొరియా పోలీసులు నలుగురిని అరెస్టు చేసినట్లు ప్రకటించారు. ఇళ్ళలోను, వ్యాపార స్థలాలలోను ఉన్న లక్షా 20 వేలకు పైగా కెమెరాలలోకి వారు చొరబడ్డారన్నది అభియోగం. దొంగిలించిన దృశ్యాలతో అశ్లీల వీడియోలు తయారుచేసి విదేశీ వెబ్‌సైటుకు అమ్ముకున్నవారు వారిలో ఇద్దరు. ఇక్కడా తాళం తీసింది మహా మేధస్సు కాదు. ఒకే అక్షరం పదేపదే, లేదా వరుస అంకెలు, అటువంటి తేలిక పాస్‌వర్డులు.

వార్తాసంస్థలు పంపే ఇటువంటి కథనాలను రాత్రిపూట తెనిగించే ఉద్యోగంలో ఉన్న ఈ రచయితకు వాటి చివరి పేరా కంఠతా వచ్చేసింది. వినియోగదారులు పాస్‌వర్డులు తరచూ మార్చుకోవాలని, అప్రమత్తంగా ఉండాలని అధికారులు సూచించారన్నది దాని సారాంశం. పేజీలో స్థలం చాలనప్పుడు మొదట కత్తెర పడేది కూడా దానికే. ఆ సలహా తప్పని కాదు. కానీ ఇస్త్రీపెట్టె షాక్ కొట్టి మనిషి పోతే, చెప్పులు వేసుకుని ఇస్త్రీ చేసుకోవలసిందని ఎవరూ హితవు చెప్పరు. ఆ పెట్టె ఎవరు తయారు చేశారు, ఐఎస్ఐ ముద్ర ఉన్నదా అని అడుగుతారు. కెమెరా విషయం వచ్చేసరికి మాత్రం కొన్నవాడే నేరస్థుడవుతున్నాడు. చౌక కెమెరాల వ్యవహారంలో అసలు తిరకాసు ఇక్కడే ఉంది.

రెండు వేల రూపాయల లోపున దొరికే వైఫై కెమెరా నిజానికి కన్ను తగిలించిన చిన్న కంప్యూటర్. సాధారణంగా అది తాను చూసింది కంపెనీవారి సర్వర్‌కు పంపుతుంది, లేదా ఆ సర్వర్ మధ్యవర్తిత్వంతో యజమాని ఫోనుకు చేరవేస్తుంది. ఆఫీసులో కూర్చున్న మనిషికి ఇల్లు కనిపిస్తున్నదంటే, ఇంటి దృశ్యం ముందుగా ఇల్లు దాటి వెళ్ళిందనే అర్థం. ఆ దారిలో ఎన్ని తలుపులు ఉన్నాయో, వాటికి గడియలు ఉన్నాయో లేవో కొన్నవాడికి కనిపించదు. కనిపించని చోటనే కంపెనీలు ఖర్చు తగ్గించుకుంటాయి. కెమెరా బొమ్మ మసకగా వస్తే గిరాకీ దెబ్బతింటుంది కనుక అద్దాన్ని నాసిరకం చేయరు. లోపలి సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం, అమ్మిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి దానికి మరమ్మతులు పంపడం డబ్బుతో కూడిన పని. అది జరగకపోయినా కొనేవాడికి ఆ రోజుకు తెలియదు. పైగా ఒకే కర్మాగారంలో తయారైన సరుకు పలు పేర్లతో బజారుకు వస్తుంది. పేరు చూసి బాధ్యుణ్ణి పట్టుకోవడం కష్టం.

దీని పర్యవసానం ఎంతవరకు పోగలదో 2016లోనే లోకం చూసింది. ‘మిరాయ్’ అనే వైరస్‌ను సృష్టించినవారు ఫ్యాక్టరీ పాస్‌వర్డుల జాబితా ఒకటి, అరవై పైచిలుకు, దగ్గర పెట్టుకుని ప్రపంచమంతటా కెమెరాల, రౌటర్ల తలుపులు తట్టించారు. తెరుచుకున్నవాటినన్నింటినీ తమ సైన్యంగా మార్చుకున్నారు. ఆ ఏడాది అక్టోబరు 21న అటువంటి సైన్యం అమెరికాలోని డైన్ సంస్థపై విరుచుకుపడగా ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. చైనాకు చెందిన షియాంగ్‌మై సంస్థ అమెరికాలో అమ్ముడైన తన పరికరాలు కొన్నింటిని వెనక్కి పిలవక తప్పలేదు. మిరాయ్‌ను తయారు చేసినట్లు 2017లో కోర్టులో ఒప్పుకున్నవారు ముగ్గురు కుర్రవాళ్ళు. ఇక 2019లో ఒక పరిశోధకుడు కనిపెట్టిన సంగతి మరీ విడ్డూరం. చౌక కెమెరాలలో విరివిగా వాడే ఒక సాఫ్ట్‌వేర్‌లో ప్రతి కెమెరాకు ఇచ్చే గుర్తింపు సంఖ్యను లెక్కగట్టి ఊహించవచ్చునట. ఆ లోపం ఉన్న పరికరాలు 20 లక్షలకు పైగా ఉన్నట్లు ఆయన తేల్చారు.

ఇదంతా చైనా సరుకు మహిమ అని చేతులు దులుపుకోవడం సులువు. కానీ పెద్ద పేరున్న అమెరికా కంపెనీల చరిత్ర సైతం ఏమంత ఘనంగా లేదు. అమెజాన్ అధీనంలోని రింగ్ సంస్థ తన ఉద్యోగులకు వినియోగదారుల వీడియోలు చూసే వీలు యథేచ్ఛగా కల్పించిందని, ఒక ఉద్యోగి స్త్రీల పడకగదుల, స్నానాల గదుల దృశ్యాలను వేల సంఖ్యలో చూశాడని ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆరోపించింది. 58 లక్షల డాలర్లు చెల్లించి సంస్థ ఆ కేసును పరిష్కరించుకున్నది. చౌక కెమెరాలకు ప్రసిద్ధి చెందిన వైజ్ సంస్థ 2024 ఫిబ్రవరిలో సుమారు 13 వేల మందికి ఇతరుల ఇళ్ళ బొమ్మలు చూపించింది. టెక్సాస్‌లో ఏడీటీ సంస్థ తరఫున ఇళ్ళకు కెమెరాలు బిగించే ఉద్యోగి ఒకడు కొనుగోలుదారుల ఖాతాలలో తన ఈమెయిలు కూడా చేర్చుకుని, సుమారు 200 ఇళ్ళలోకి నాలుగేళ్ళకు పైగా తొంగిచూశాడు. 2021లో అతడికి 52 నెలల జైలు పడింది.

ఈ చివరి ఉదంతం మనకు చాలా దగ్గరిది. మన ఊళ్ళలో కెమెరా బిగించడానికి వచ్చే కుర్రవాడే పాస్‌వర్డు పెడతాడు. ఇంటాయనకు చేతకాదని ఒక్కోసారి తన ఫోను నంబరుతోనే ఖాతా తెరుస్తాడు. అతడు దుర్మార్గుడని కాదు. అతడిని నమ్మడం తప్ప ఇంటివారికి గత్యంతరం లేని ఏర్పాటు మంచిది కాదనే.

ఈ విషయంలో కేంద్ర ప్రభుత్వం మేలుకోలేదని అనలేము. ప్రభుత్వ సంస్థలలోనే పది లక్షల వరకు చైనా కంపెనీల కెమెరాలు ఉన్నాయని, వాటి దృశ్యాలు విదేశీ సర్వర్లకు చేరే బలహీనతలు ఉన్నాయని 2021లో అప్పటి సహాయ మంత్రి సంజయ్ ధోత్రే పార్లమెంటుకు తెలిపారు. తర్వాత మూడేళ్ళకు, 2024 ఏప్రిల్‌లో, సీసీ కెమెరాలకు భద్రతా ప్రమాణాలను తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ వెలువడింది. గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షకు నిలబడితే తప్ప అమ్మకానికి అనుమతి లేదు. ఒకసారి గడువు పొడిగించిన మీదట 2025 ఏప్రిల్ 9 నుంచి అది అమలులోకి వచ్చింది. తయారీదారులు ఇంకా వ్యవధి కోరినా ప్రభుత్వం తలొగ్గలేదు. హర్షించవలసినదే.

అయితే ఆ నిబంధన వెనుక ఉన్న భయం సరిహద్దు అవతలి గూఢచారి గురించినది. రాజ్‌కోట్ ఆసుపత్రిలో చొరబడినవాడు ఈ దేశస్థుడే. ఇకపై అమ్మే సరుకుకు వర్తించే నిబంధన, ఇప్పటికే గోడలకెక్కిన కెమెరాలను దించదు. మరమ్మతు రాని పాత కెమెరా ఇంకా ఎన్నేళ్ళయినా హాలులో వేలాడుతూనే ఉంటుంది. దానికి జవాబుదారీ ఎవరు?

చట్టం సంగతీ చూడాలి. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ప్రకటించింది. వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమావళికి 2025 నవంబరు దాకా ఆగవలసి వచ్చింది. ప్రధాన నిబంధనల అమలుకు మరో 18 నెలల గడువు ఇచ్చారు. ఒక వ్యక్తి సొంత అవసరానికి, గృహావసరానికి వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. కంపెనీని అడగవచ్చు గాని, ఇంటి యజమానిని అడగలేమన్నమాట. మరి ఆ ఇంట్లో కెమెరా ముందు రోజంతా గడిపేది ఎవరు? ఎక్కువ సందర్భాలలో, దానిని కొన్నవారు కాదు.

న్యూజెర్సీలో ఉన్న కుమారుడు విజయవాడలో ఒంటరిగా ఉన్న తల్లి కోసం హాలులో కెమెరా పెట్టిస్తాడు. ఆమె మాత్ర వేసుకున్నదో లేదో, తూలి పడలేదు కదా అని చూసుకుంటాడు. అతడి ఆదుర్దాను శంకించనక్కరలేదు. కానీ ఆ తల్లి జుట్టు విప్పి దువ్వుకోవడానికి వంటింట్లోకి వెళుతుంది. పక్కింటావిడ వస్తే గొంతు తగ్గించి మాట్లాడుతుంది. పసిబిడ్డను చూసుకోవడానికి వచ్చిన ఆయాకైతే తన మీద కన్ను ఉన్నదన్న సంగతే చెప్పని ఇళ్ళున్నాయి. ఆ దృశ్యం ఏ సర్వర్‌లో ఎన్నాళ్ళు ఉంటుందో యజమానురాలికే తెలియనప్పుడు ఆయాకు ఎవరు చెబుతారు?

ఈ ప్రశ్న కోర్టుదాకా వెళ్ళిన ఉదంతం ఒకటి కోల్‌కతాలో జరిగింది. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ములలో ఒకరు నివాస భాగంలో కెమెరాలు పెట్టించగా రెండోవారు అభ్యంతరం చెప్పారు. సహనివాసి సమ్మతి లేకుండా అలా పెట్టి నడపడం అతడి గోప్యత హక్కును భంగపరచడమేనని కలకత్తా హైకోర్టు 2025 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. మే నెలలో సుప్రీంకోర్టు దానిలో జోక్యానికి నిరాకరించింది. ఆస్తి వాటా ఉన్న సోదరుడు హైకోర్టుకు వెళ్ళగలిగాడు. జీతానికి వచ్చిన ఆయా వెళ్ళగలదా?

చేయదగిన పనులు అసాధ్యమైనవేమీ కావు. అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి నిషేధించింది. భద్రతా మరమ్మతులు ఎంతకాలం పంపుతారో తయారీదారు ముందే చెప్పి తీరాలన్నది. పాస్‌వర్డు విషయంలో కాలిఫోర్నియా 2020లోనే అటువంటి చట్టం అమలు చేసింది. మందు సీసా మీద గడువు తేదీ వేయించగలిగిన మన ప్రభుత్వానికి, కెమెరా పెట్టె మీద ఫలానా ఏడాది తర్వాత మరమ్మతులు అందవని పెద్ద అక్షరాలలో వేయించడం కష్టం కాదు. సొంత పాస్‌వర్డు పెట్టుకుంటే తప్ప పనిచేయని కెమెరానే అమ్మాలని శాసించడమూ కష్టం కాదు.

మన రాష్ట్రాల బాధ్యతా తక్కువది కాదు. జనం గుమిగూడే సంస్థలలో కెమెరాలు ఉండాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లోనే చట్టం చేసింది. హైదరాబాద్ పోలీసులు ‘నేను సైతం’ పేరిట కాలనీల చేత, దుకాణాల చేత వేలాది కెమెరాలు పెట్టించారు. నేరాలను ఛేదించినప్పుడల్లా వాటి ఘనతను చాటుకున్నారు. పెట్టించినవారికి తనిఖీ చేసే పూచీ కూడా ఉంటుంది. నేరం జరిగినప్పుడు దృశ్యాల కోసం కాలనీకి వెళ్ళే పోలీసు సిబ్బంది, ఏమీ జరగని నాడు ఒకసారి వెళ్ళి ఆ డీవీఆర్ పాస్‌వర్డు ఎవరెవరి దగ్గర ఉన్నదో, బిగించి వెళ్ళిన కుర్రవాడి నంబరు ఖాతాలో ఇంకా ఉన్నదేమో అడగవచ్చు.