అమ్మమ్మ పెట్టెలోని సొగసు

ఇటీవల పెండ్లి పందిళ్లలో పడుచుపిల్లలను చూచిన సోదరీమణులకు ఒక సంగతి తోచియే యుండును. భుజముమీద ఉబ్బిన బుట్టచేతుల రవిక, జానెడు అంచు పట్టుచీర, మెడలో కాసులపేరు, దండకు వంకీ, జడకు కుచ్చులు – ఇవి యన్నియు గోడమీది పాత ఛాయాచిత్రములనుండి దిగివచ్చినట్లున్నవి. ఇరువది యేండ్ల క్రిందట వీనిని ముసలివారి వేషమని మూలబెట్టిన యిండ్లలోనే నేడు వీనికొరకు పెట్టెలు వెదకుచున్నారు.

బుట్టచేయి ఎక్కడిది? ఐరోపాలో 1830 ప్రాంతమునను, మరల 1890 తరువాతను స్త్రీల దుస్తులకు భుజమువద్ద మిక్కిలి ఉబ్బిన చేతులు వాడుకలో నుండెను. మన దేశమున కుట్టిన రవికయు లోపావడయు చదువుకొన్న కుటుంబములలో వ్యాపించుట పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున జరిగినది. ఠాగూరుగారి యింటి కోడలు జ్ఞానదానందినీదేవి 1860 దశకమున భర్తతో బొంబాయికి పోయి, అచ్చటి పార్సీ స్త్రీల కట్టును చూచి, దానిని మార్చి వంగదేశమున ప్రచారము చేసెను. ఈ రవికలతో పాటు తెల్లదొరసానుల చేతుల తీరును మన దేశమునకు వచ్చినది. 1930, 1940 దశకముల నాటి తెలుగు చలనచిత్ర తారల పటములు చూడుడు, బుట్టచేతులే కనబడును. కావున ఇప్పుడు సంప్రదాయమని మెచ్చుకొనునది ఒకనాటి కొత్త వింతయే. కోడలి రవికను చూచి మూతి ముడుచు అత్తగారు తన అత్తగారి పటమును ఒకమారు దింపి చూచుట మంచిది.

ఈ పునరాగమనమునకు ఊపునిచ్చిన వానిలో 2018 మే నెలలో విడుదలయైన ‘మహానటి’ చిత్రమొకటి. సావిత్రిగారి జీవితమును చూపుటకై ఆ కాలపు చీరలను చేమగ్గములమీద మరల నేయించిరి. ఆ చిత్రమునకు దుస్తులు కూర్చిన ఇంద్రాక్షీ పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనారావుగార్లకు జాతీయ పురస్కారము లభించినది. అటుపిమ్మట గళ్లచీరలు, ఎదురురంగు అంచులు దుకాణములలో ముందువరుసకు వచ్చినవి.

రవిక కుట్టించుకొనువారికి ఒక మాట. బుట్టచేతికి గుడ్డ ఎక్కువ పట్టును. చీరతో వచ్చు 80 సెంటీమీటర్ల ముక్క సామాన్యముగా చాలదు, మీటరు ఉండవలెను. నేటి దర్జీలు బుట్ట నిలుచుటకు లోపల బిరుసు వలగుడ్డ వేయుచున్నారు. అది ఎండకాలమున చర్మమును గీరును. పూర్వులకు గంజి చాలెను. చేనేత నూలుగుడ్డకు చిక్కని గంజి పెట్టి, చేతిని లోపలినుండి ఇస్త్రీ చేసినచో బుట్ట సాయంకాలము వరకు నిలుచును, గాలియు ఆడును.

ఇక చీరల మాట. గద్వాల చీరకు మేను నూలు, అంచును చెంగును పట్టు. ఆ రెండును కలియుచోట అడ్డుపోగులను చేతితో ఒకదానితో నొకటి పెనవేయుదురు, దీనినే కుప్పడమందురు. గోపుర శిఖరములవలె వరుసదీరిన కోటకొమ్మ అంచు ఈ పెనవేత వలననే పుట్టును. ఉప్పాడ జాందానీలో పువ్వునకు పువ్వు చిన్న కండెలతో చేతనే పొదుగుదురు. ఇట్టి పనిని చూచి, అదే బొమ్మను యంత్రముచేత అచ్చువేసి చౌకగా అమ్ము వర్తకులు నేడెందరో కలరు. 1985 నాటి చట్టము కొన్ని రకముల చీరలను చేమగ్గమునకే కేటాయించినది గాని, అంగడిలో చట్టము కంటె మన కన్నే మనకు తోడు. చీరను తిరగవేసి చూడవలెను. అచ్చు బొమ్మ వెనుకవైపున వెలిసినట్లుండును. నిజమైన జాందానీకి రెండువైపుల పువ్వు తెలియును, వెనుక వ్రేలాడు పోగులుండవు.

అయితే ఈ వ్యాసము వ్రాయబూనుటకు హేతువు వేరొకటి. పాత పట్టుచీరలు కొందుమని వీధులలో కేకవేయుచు తిరుగువారిని మీరెరుగుదురు. వారు చీరను కట్టించుటకు కొనరు. పాత జరీలో వెండియే ప్రధానము: పట్టునూలు చుట్టును సాగగొట్టిన వెండితీగ చుట్టి, పైన బంగారు పూత వేసెడివారు. వారు చీరను కాల్చి, బూడిదనుండి వెండిని తీసికొందురు. వెండి ధర పెరిగినకొలది ఆ కేకలును పెరుగును. పాత అంచుకొరకు దుకాణమున వేలు పోయుచున్న యింటనే అసలు అంచు కొద్ది రూకలకు అగ్నిలోనికి పోవుచున్నది!

పటము చాలదా యందురేమో. చాలదు. నెమలికంఠపు రంగు నిలువుపోగు నొక రంగును, అడ్డుపోగు నింకొక రంగును వేసినపుడు కలుగును. ఆ రంగులేవియో, అంగుళమునకు పోగులెన్నియో, అంచును మేనికి ఎట్లు అతికిరో పటమున కానరాదు. గుడ్డను చేతబట్టిన నేతగాడే చెప్పగలడు. పాత పనిని మరల ఎత్తుకొన దలచిన నేతగానికి పాత చీరయే గురువు.

కనుక పెట్టె తీసినపుడు తొందరపడరాదు. మొదట జరీపోగు నొకదానిని విప్పి చూడుడు. లోపల ఎర్రని పట్టునూలున్నచో మంచి జరీ యని నమ్మవచ్చును. తెల్లని ప్లాస్టిక్ వంటి పోగున్నచో ఇటీవలిది. మేను చీకి అంచు గట్టిగా నున్నచో అంచును విప్పి కొత్త గుడ్డకు కుట్టించుడు. మన పెద్దలు చేసినదే యిది. మడతలకడ మాత్రమే చిరిగినచో పిల్లకు పరికిణీ యగును. మేను బాగుగా నున్న చీరను వేషముకొరకు కత్తిరించి గౌనులు కుట్టించుట మాత్రము నాకు సమ్మతము కాదు. మగ్గమున మరల అట్టిది రాదు.

దాచు చీరకు గంజి పెట్టరాదు. పురుగు గంజికే చేరును. కలరాయుండలు జరీకి తగులరాదు. ఉతికిన మెత్తని నూలుగుడ్డలో చుట్టి, మూడు నెలలకొకసారి మడతలు మార్చి, వానలు వెడలిన పిమ్మట నీడపట్టున ఆరవేయుడు. మడతలో నొక చిన్న గుడ్డపీలిక యుంచి, దానిమీద ఎవరి పెండ్లినాటి చీర, ఏ యూరి నేత, ఏ సంవత్సరము అను మూడు ముక్కలు వ్రాయుడు. ఆ సంగతులు తెలిసినవారు ఇంట నున్నపుడే అడిగి వ్రాయుడు.